గడప ముందు జొన్నల మూట

కొత్తగా నౌకరీలో చేరిన పిల్లల కోసం నాలుగు మంచి మాటలు రాసివ్వమని యూనియన్ వాళ్లు మా ఇంటికి వచ్చి కూర్చున్నారు. పని మీద శ్రద్ధ, పెద్దల పట్ల వినయం, దేవుడి మీద నమ్మకం, ఇలాంటివేవో రాస్తానని వాళ్ల ఆశ. చాయ్ తాగి, నా దగ్గు గురించి అడిగి, వెళ్లిపోయారు. నా దగ్గర అలాంటి మాటలు లేవు. ఉన్నది ఒకే ఒక్క సంగతి. అది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, నా భార్యకు కూడా. ఆమె పోయి మూడేళ్లయింది కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. ఇది మీకు పనికొస్తుందో లేదో మీరే చూసుకోండి.

నేను నీళ్ల మహకమాలో, అంటే ఊరికి నీళ్లిచ్చే సర్కారు శాఖలో, వాల్వులు తిప్పే పని చేశాను. బజారు నడిమధ్య నేలలో ఇనుప మూత కనిపిస్తుందే, దాని కింద ఉంటుంది వాల్వు. మూత తీసి, ఛాతీ ఎత్తు ఉండే ఇనుప చావి లోపలికి దించి, రెండు చేతులతో తిప్పాలి. ఎన్ని చుట్లు తిప్పితే అన్ని నీళ్లు. మాకు మీటర్లూ లేవు, గేజీలూ లేవు. చుట్లు గుర్తుంచుకోవడమే మా చదువు. లాల్‌దర్వాజా వెనక ఒక గల్లీ ఉండేది. ఆ గల్లీకి నీళ్లు చీలే చోట ఉన్న వాల్వు పూర్తిగా తెరుచుకోవాలంటే పద్దెనిమిది చుట్లు తిప్పాలి. ఎండాకాలంలో మాకున్న హుకుం మూడు చుట్లే, అదీ పొద్దున గంటసేపు. ఆ తర్వాత మూసెయ్యాలి. ఎందుకంటే అదే పెద్ద పైపు ఎత్తు మీదున్న ఒక జాగీర్దారు గారి హవేలీకి పోతుంది. గల్లీకి ఎంత వదిలితే అక్కడ అంత తగ్గుతుంది. హవేలీలో పూలతోట ఉంది, ఫౌంటెన్ ఉంది. గల్లీలో పాలు పోసుకుని బతికేవాళ్లు, వాళ్ల బర్రెలు, ఇంటినిండా పిల్లలు. హుకుం రాసిన పెద్దమనిషికి ఈ సంగతి తెలియక కాదు.

మూసిన తర్వాత ఇంకో పని ఉండేది. ఇప్పటివాళ్లు దాన్ని చూసి ఉండరు. మూత అంచు చుట్టూ తడిమట్టి మెత్తి, ఆ మట్టి మీద ఇత్తడి బిల్లా నొక్కాలి. బిల్లా అంటే పక్కా నౌకరు ఛాతీ మీద పెట్టుకునే నంబరు బిళ్ల. దొంగతనంగా ఎవరైనా మూత తీస్తే మట్టి పగిలి తెలిసిపోతుంది. మట్టి మీద ఎవరి నంబరు పడితే ఆ వాల్వుకు వాళ్లే జవాబుదారీ. నేను కచ్చా నౌకరిని, అంటే రోజు కూలీవాణ్ణి. నాకు బిల్లా లేదు. మా జమాదారు గారికి ఉంది.

జమాదారు గారు ముసలాయన. పింఛనుకు ఇంకా ఏడాది ఉంది. జహనుమాలో ఒక కిరాయి గదిలో భార్యతో ఉండేవాడు. పిల్లలు లేరు. నాకు పని నేర్పింది ఆయనే. చావి పిడికి చెవి ఆనించి, కింద నీళ్లు నడుస్తున్నాయా, గాలి నడుస్తోందా అని పోల్చుకోవడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఏం జరిగినా ‘అల్లా మాలిక్’ అనడం ఆయనకు అలవాటు. చావి విరిగినా అదే మాట, జీతం ఆలస్యమైనా అదే మాట. ఒకరోజు చాయ్‌లో ఈగ పడినా అదే అన్నాడు. నాకు నవ్వాగలేదు.

"చాచా, ఈగను గూడ అల్లానే పంపిండా?" అని అడిగాను.

"ఈగను పంపిండు బేటా. దాన్ని తీసెయ్యనీకి నాకు వేలు గూడ పంపిండు," అంటూ ఈగను తీసేసి చాయ్ తాగేశాడు.

ఆయన మోకాళ్లు అరిగిపోయాయి. వంగి మట్టి మెత్తితే మళ్లీ లేవడానికి ఇద్దరు కావాలి. అందుకని లాల్‌దర్వాజా దగ్గర ఒక చాయ్ దుకాణం అరుగు మీద కూర్చుని, ఛాతీ మీది బిల్లా ఊడదీసి నా చేతిలో పెట్టేవాడు. నేను పోయి వాల్వులు తిప్పి, ముద్రలు వేసి, తిరిగి తెచ్చి ఇచ్చేవాణ్ణి. బిల్లా ఇంకొకరి చేతికిచ్చినట్టు తెలిస్తే నౌకరీ ఉండదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అయినా రెండేళ్లు అలాగే నడిచింది. ఆయన నన్ను నమ్మాడు.

అవి లడాయి రోజులు, దూరదేశాల్లో రెండో పెద్ద యుద్ధం నడుస్తోంది. మార్కెట్లో జొన్నలు దొరకడం గగనమైపోయింది. పక్కా నౌకర్లకు మాత్రం నెలకోసారి సర్కారు కొట్టు నుంచి జొన్నలు ఇచ్చేవారు. మాబోటి కచ్చావాళ్లకు అవి లేవు. పైగా వానలు పడగానే మమ్మల్ని పనిలోంచి తీసేస్తారు, మళ్లీ ఎండలు ముదిరాకే పిలుస్తారు. ఆ ఏడు నా భార్యకు ఏడో నెల. చాంద్రాయణగుట్ట దిక్కున ఒక గుడిసెలో ఉండేవాళ్లం. వానాకాలంలో కాన్పు, చేతిలో పని ఉండదు, ఇంట్లో గింజ ఉండదు. నాకు అదే ఫికర్. ఆమె మాత్రం ఆ కడుపుతోనే ప్రతి శనివారం ఒక్కపొద్దు ఉండేది.

"ఉన్ననాడు తినకుంట గీ ఒక్కపొద్దులేంది? కడుపుల పిల్లకు ఏం పోతది?" అని కేకలేసేవాణ్ణి.

"నువ్వు ఊకో. దేవుడు మన దిక్కు ఒక్కసారి తిరిగి సూస్తె చాలు, నీకు పక్కా నౌకరీ అయితది. నేను మొక్కుకున్న," అనేది.

నేను మొక్కలేదు. వాల్వులు తిప్పేవాడికి నీళ్లు ఎటు నుంచి ఎటు పోతాయో బాగా తెలుసు, పైనుంచి ఊరికే ఏదీ రాదని నా అభిప్రాయం. నాకు అప్పుడు ఇరవై ఆరేళ్లు. తెలివి ఎక్కువ.

ఆ ఎండాకాలం లాల్‌దర్వాజా వెనక గల్లీలో గత్తర వచ్చింది. మీరు కలరా అంటారు. గల్లీకంతటికీ చివర ఒకటే నల్లా. మూడు చుట్లకు దాంట్లోంచి వేలంత ధార కూడా వచ్చేది కాదు. ముందు నిలబడ్డ నాలుగైదు బిందెలు నిండేసరికి గంట అయిపోయేది, నేను పోయి మూసేసేవాణ్ణి. మిగిలినవాళ్లు మూలనున్న పాతబావిలో చేద వేసేవాళ్లు. ఆ బావి నీళ్లే మనుషుల్ని తీసుకుపోయాయి. వారం తిరిగేసరికి ఇద్దరు పిల్లలు, ఒక పెద్దమనిషి. రోజూ పొద్దున నేను చావి భుజాన వేసుకుని ఆ గల్లీలోంచే నడిచేవాణ్ణి. ఒక్కరూ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

వాళ్లు ఏం చేశారంటే, నల్లాను కడిగి పసుపు పూశారు. కుంకుమ బొట్లు పెట్టారు. వేపమండలు కట్టి, ముందు దీపం పెట్టారు. దీనికంతటికీ పెద్దదిక్కు పాలు పోసే ఒక ముసలవ్వ. ఆమెకు ఐదేళ్ల మనవరాలు. ఆ రోజు పొద్దున గంట అయిపోయాక వాల్వు మూయడానికి పోతూ ఆమె ముందు ఆగాను.

"నల్లాకు బొట్టు పెడితె నీళ్లొస్తయా అవ్వా?" అన్నాను. ఎగతాళిగానే అన్నాను.

"నీళ్లు నీ మహకమా ఇస్తదనుకున్నవా కొడుకా? అమ్మ ఇస్తది. ఇయ్యాల గాకుంటె రేపు. ఆమెకు మస్తు మంది పిల్లలు, జర ఆలిశం అయితది గంతే," అంది ముసలవ్వ.

వాకిట్లో నులకమంచం మీద మనవరాలు పడి ఉంది. రాత్రి నుంచి వాంతులు, విరేచనాలు. పెదాలు పొక్కిపోయాయి, కళ్లు లోపలికి పోయాయి. పిల్ల ఏడవడం కూడా మానేసింది. ముసలవ్వ కొంగుతో దాని మొహం మీది ఈగల్ని తోలుతూ, "బాయి నీళ్లు తాపొద్దని డాక్టరు దొర చెప్పిపోయిండు. నల్లా కాడ నా వంతు రాలే. అమ్మ సూస్తనే ఉంది," అంది. అంతకుమించి నన్ను ఏమీ అడగలేదు.

అదే నాకు మండింది. చేతులు పట్టుకుని బతిమాలి ఉంటే, హుకుం లేదవ్వా అని చెప్పి తప్పుకునేవాణ్ణేమో. చావి నా భుజం మీద ఉంది, నీళ్లు నా చేతిలో ఉన్నాయి, ఆమె నా మొహం కూడా చూడకుండా వేపమండలకు చెబుతోంది. ఇది జాలి అని మీరు అనుకుంటే నాకు మర్యాదే. నేను మాత్రం అందులో సగం పొగరని చెబుతాను.

వాల్వు దగ్గరికి పోయి చావి దించాను. మూయడానికి కుడికి తిప్పాలి. నేను ఎడమకు తిప్పాను. ఇంకో ఆరు చుట్లు. మొత్తం తొమ్మిది. పిడికి చెవి ఆనించాను. కింద నీళ్లు గలగలా పరుగెత్తాయి. మూత పెట్టి, మట్టి మెత్తి, జమాదారు గారి బిల్లా నొక్కాను. మధ్యాహ్నం ఏదో ఒక వంకతో వచ్చి మూసేద్దామని నా ఆలోచన. చాయ్ దుకాణానికి పోయి బిల్లా ఇచ్చాను.

"బంద్ చేసినవా బేటా?" అని అడిగాడు.

"చేసిన చాచా."

ఆయన బిల్లా ఛాతీ మీద పెట్టుకుని, "అల్లా మాలిక్" అంటూ లేచాడు.

గల్లీలో ఆ పూట పండగ అయింది. ఇంకో పని మీద అటు పోయినప్పుడు చూశాను. బిందెలు, గంగాళాలు, బర్రెల తొట్లు, పాల క్యాన్లు, చివరికి రోలు గుంటలో కూడా నీళ్లు పట్టుకున్నారు. నల్లాకు పసుపు నీళ్లతో సాక పోసి మొక్కారు. ఒక కోడిని కోశారు. ముసలవ్వ మనవరాలి నోట్లో చెంచాతో నీళ్లు పోస్తూ నన్ను చూసి, "సూసినవా కొడుకా! అమ్మ ఇచ్చింది!" అని అరిచింది. నేను తల ఊపాను. కోడిలో నాకు ఒక్క ముక్క కూడా ఎవరూ పెట్టలేదు. ఆ పిల్ల బతికింది. అది మాత్రం నిజం, నేను చేసిన దాంట్లో ఇంతవరకు తలెత్తుకుని చెప్పగలిగింది ఆ ఆరు చుట్లే. కథ ఇక్కడ ఆగిపోతే యూనియన్ వాళ్లు అడిగిన మంచి మాటలు ఇవే అయ్యేవి.

హవేలీలో ఆ రోజు దావత్. వంటవాళ్లు పొయ్యిలు పెట్టుకుని కూర్చుంటే మేడమీది హౌజులోకి నీళ్లు ఎక్కలేదు. ఫౌంటెన్ ఆగిపోయింది. ఫౌంటెన్ ఆగితే కబురు ఎంత వేగంగా పోతుందో గత్తర వస్తే అంత వేగంగా పోదు. మధ్యాహ్నం కాకముందే ఓవర్సీరు తాంగాలో దిగాడు. మూత మీది మట్టి చూశాడు, నంబరు రాసుకున్నాడు, తన చేత్తో మట్టి పగలగొట్టి, చావి దించి మూస్తూ చుట్లు లెక్కపెట్టాడు. తొమ్మిది. మమ్మల్ని దఫ్తరు వరండాలోకి పిలిపించాడు.

ఆయన చెడ్డవాడు కాదు. అది కూడా రాయాలి. జమాదారు గారిని చూసి మొహం చిన్నబుచ్చుకున్నాడు.

"బడేమియా, ఇరవై ఎనిమిదేండ్ల నౌకరీల నీ మీద ఒక్క మచ్చ లేదు. ఈ పని నువ్వు చేసినవంటె నేను నమ్మ. నీకు తెల్వకుంట నీ బిల్లా ఎవడన్న తీస్కున్నడా? చెప్పు. గట్లనే రాస్త. నీకు పింఛన్ మిగులుతది," అన్నాడు.

జమాదారు గారు ఓవర్సీరు వైపు చూడలేదు. నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం ఉందని చెప్పడానికి లేదు. పొద్దున ‘బంద్ చేసినవా’ అని అడిగినప్పుడు ఎలా చూశాడో అలాగే చూశాడు. నేను చెబుతానని ఆగాడు. నా భార్య కడుపు, వానాకాలం, ఖాళీ కుండ అన్నీ నా కళ్ల ముందు తిరిగాయి. ఇవన్నీ సాకులేనని ఇప్పుడు తెలుసు. అప్పుడూ తెలుసు.

"బిల్లా నా ఛాతీ మీదనే ఉండె సాబ్," అన్నాడు జమాదారు గారు.

ఓవర్సీరు నా వైపు తిరిగాడు. "నువ్వు రోజు ఈయన ఎంబడే ఉంటవ్ గదరా. నీకేమన్న ఎరుకనా?"

ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఊరుకున్నా కొంత నయంగా ఉండేది. నేను ఊరుకోలేదు.

"నాకేం తెల్వది సాబ్. నేను చావి మోసేటోణ్ణి," అన్నాను.

జమాదారు గారు తల దించుకున్నారు. ఇంత రాశాక ఆయన్ని ‘డు’ అని రాయడానికి చెయ్యి రావడం లేదు. ఆ రోజే ఆయన్ని బర్తరఫ్ చేశారు. పింఛను లేదు. బిల్లా ఊడదీసి బల్ల మీద పెట్టి, కర్ర పట్టుకుని మెట్లు దిగారు. గేటు దగ్గర నేను వెనక పోయి, "చాచా, ఇప్పుడెట్ల?" అన్నాను.

"దేనేవాలా ఆయన, బేటా. ఇచ్చేది మహకమా కాదు," అన్నారు. పైకి వేలు చూపించి నడిచి వెళ్లిపోయారు.

ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. ఆ మాటతో నాకు గుండెల మీది బరువు దిగినట్టయింది. ఆయనకు దేవుడి మీద అంత నమ్మకం ఉంది కదా, ఆ దేవుడే చూసుకుంటాడు, నాకంత నమ్మకం లేదు కాబట్టి నాకే నౌకరీ కావాలి అనుకున్నాను. ఏ దేవుడికీ దండం పెట్టనివాణ్ణి ఆయన దేవుడి మీద ఆయన్ని వదిలేసి ఇంటికి పోయాను. ఒకరి భక్తి ఇంకొకరి పిరికితనానికి ఎంత వీలుగా ఉంటుందో నాకు తెలిసినంతగా ఏ పూజారికీ, ఏ మౌల్వీకీ తెలియదు.

పది రోజులు తిరక్కుండానే ఓవర్సీరు నన్ను పిలిచాడు. ఆ వాల్వులన్నీ తెలిసినవాడు ఇంకెవడూ లేడు. నన్ను పక్కా చేశారు. బిల్లా నంబర్లు మనుషులవి కావు, బీటువి, అంటే తిరిగే ప్రాంతానివి. అందుకని అదే బిల్లా తెచ్చి నా ఛాతీ మీద పెట్టారు. ఇంటికి పోయేసరికి నా భార్య దాన్ని చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"చెప్పలేదా నేను? దేవుడు మన మొర ఇన్నడు. గట్ల మూలకు కూసుంటవేంది? కొబ్బరికాయ తే పో!" అంది.

కొబ్బరికాయ తెచ్చాను. ఆమె కొట్టింది. ముక్క నా చేతిలో పెట్టి కళ్లకద్దుకొమ్మంది. అద్దుకున్నాను.

మొదటి నెల జొన్నలు రాగానే అందులో సగం వేరే మూట కట్టుకుని జహనుమా పోయాను. మధ్యాహ్నం నమాజు వేళ కావస్తోంది. జమాదారు గారి గది తలుపుకు గోనెపట్టా పర్దా. ఆయన బయట రాతి మీద కూర్చుని ఉన్నారు. సగమైపోయారు. నేను మూట గడప ముందు పెట్టి తలుపు గొలుసు కదిలించేలోపే, లోపలి నుంచి ఆయన భార్య గొంతు వినిపించింది. ఆమె మాట్లాడింది ఉర్దూలోనే, నేను మన మాటలో రాస్తున్నాను.

"ఏం చప్పుడయింది? గింజల మూట పెట్టినట్టున్నది, జొన్నలా? నేను చెప్పలేదా! పొద్దుగాల చాప మీద కూసోని అడిగిన, యా అల్లా, మమ్ముల ఎవరి ముందట చెయ్యి చాపనియ్యకు, నువ్వే పంపు అని. చూడు, నమాజు గాకముందే పంపిండు!"

జమాదారు గారు నోటి మీద వేలు పెట్టి నన్ను గల్లీ చివరిదాకా తీసుకుపోయారు. కర్ర మీద ఆనుకుని చాలాసేపు ఊపిరి తీసుకున్నారు.

"ఆమెకు సంగతి తెల్వది. నేనే తప్పు చేసిన, నౌకరీ పోయిందని చెప్పిన. నువ్వు తెచ్చినవని, ఎందుకు తెచ్చినవని తెలిస్తె ఆ జొన్నలు ఆమె గొంతు దిగవు బేటా. ఆమెకు మిగిలింది ఒక్కటే, ఆయన ఇస్తడు అని. అది పాడు చెయ్యకు. తెస్తె తే. గడప కాడ పెట్టు, గొలుసు ఊపు, పో. మొఖం చూపియ్యకు," అన్నారు.

"చాచా, నన్ను..." అన్నాను. మాఫ్ చెయ్యమని అడగబోయాను.

"నమాజు వేళయింది," అని వెనక్కి తిరిగారు.

ఏడు నెలలు అలాగే చేశాను. నెల మొదట్లో మధ్యాహ్నం పూట మూట పెట్టడం, గొలుసు ఊపడం, మూల తిరగడం. మూల తిరిగాక ఆగి వినేవాణ్ణి. తలుపు తెరుచుకునేది, ఆమె అల్లాకు ‘షుకర్’ చెప్పే మాట వినిపించేది. నిజం చెబుతున్నాను, ఆ మాట వింటే నాకు హాయిగా ఉండేది. ఒక్కోసారి నేను మంచివాణ్ణేమో అనిపించేది కూడా.

ఎనిమిదో నెలలో మా పిల్లవాడికి జ్వరం తగిలింది. అప్పటికి వాడికి నాలుగైదు నెలలు. నా భార్యకు పాలు చాలడం లేదు. ఆమె జొన్నల కుండలో చెయ్యి పెట్టి, "నెలకింతనే ఇస్తరా? పక్కింటామె మొగనికి రెండింతలొస్తయి గద? మిగిలినయి ఏడ పోతున్నయి? దేవుడు మనకిచ్చినయి ఎవరికి పెడుతున్నవ్?" అని నిలదీసింది. ఆమె అడిగిన దాంట్లో తప్పు లేదు, ఆమెకు సంగతి తెలియదు. చెప్పి ఉంటే తానే మూట కట్టి ఇచ్చేదేమో. నేను చెప్పలేదు. ఆ నెల పోలేదు. తొమ్మిదో నెల పోదామనుకున్నాను. పోయిన నెల ఎందుకు రాలేదని జమాదారు గారు చూస్తారేమోనని సిగ్గయింది, మానేశాను. పదో నెలలో సిగ్గు కూడా పడలేదు. ఇంతే జరిగింది. ఏదో పెద్ద కష్టం వచ్చి ఆగిపోయానని రాస్తే మీరు నమ్ముతారు, కానీ అది అబద్ధం.

జమాదారు గారు ఒక్కసారి కూడా మా దఫ్తరుకు రాలేదు. లాల్‌దర్వాజా చాయ్ దుకాణానికి కూడా రాలేదు. ఎండలు మళ్లీ ముదిరాక ఒకరోజు ఆ దుకాణంవాడే చాయ్ పోస్తూ చెప్పాడు, "మీ జమాదార్ సాబ్ పోయిండు గద భాయ్, మట్టి గూడ అయిపోయి పది దినాలాయె" అని.

మూట కట్టుకుని పోయాను. ఈసారి ఉన్నవన్నీ కట్టాను. రాతి మీద ఎవరూ లేరు. గొలుసు కదిలించి, నేను ఎవరో చెప్పాను, ఆయన కింద పని నేర్చుకున్నవాణ్ణని. పర్దా వెనక ఆమె వచ్చి కూర్చున్న చప్పుడయింది. చాలా మెల్లగా మాట్లాడింది.

"నీ పేరు చెప్తుండె ఆయన. మంచి చెవి ఉన్నది పిల్లగానికి అంటుండె," అంది. మళ్లీ తానే అందుకుంది. "నిన్నొకటి అడుగుత బేటా. నౌకరీ పోయినంక ఏడు నెలలు అల్లా మమ్ముల మరువలే. నెల మొదట్ల గొలుసు చప్పుడైతుండె, తలుపు తీస్తె జొన్నలుంటుండె. మనిషి కనపడకపోతుండె. ఎన్మిదో నెల నేను పొద్దందాక ఈ గడప కాడనే కూసున్న. గాలికి గొలుసు కదిలినా లేచి చూసిన. రాలే. మళ్ల నెల గూడ కూసున్న. ఆయన్ని అడిగిన, మనం ఏం గునా చేసినం, ఇచ్చే చెయ్యి ఎందుకు ఆగింది అని. ఆయన గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. నువ్వన్న చెప్పు. మావల్ల ఏం తప్పయింది?"

మీది కాదమ్మా అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంటే, మరి ఎవరిది అని అడుగుతుంది. ఆయన చెప్పొద్దన్నారు కదా అని ఒక సాకు కూడా చేతిలో ఉంది. ఎప్పుడూ ఏదో ఒకటి నా చేతిలో ఉండేది.

"అల్లాకే ఎరుక అమ్మా," అన్నాను.

"అవును, ఆయనకే ఎరుక," అంది. "తౌబా చేస్తున్న, మాఫీ అడుగుతున్న. దినం ఇడిచి దినం రోజా ఉంటున్న. తెలిసి చేసిన తప్పయితె గాదు. ఎన్నడో ఒకనాడు మాఫ్ చేస్తడు గద బేటా?"

"చేస్తడమ్మా."

పర్దా వెనక ఆమె నా కోసం దువా చేసింది. నా నౌకరీ నిలబడాలని, నా పిల్లలు చల్లగా ఉండాలని. ఆమీన్ అని మూడుసార్లు అంది. మూట గడప లోపలికి జరిపి, నేను చెప్పులు తొడుక్కుని వచ్చేశాను.

ఆమె ఆ వానాకాలం దాటలేదు. నా పిల్లలు చల్లగానే ఉన్నారు.